ఎవరు పోయారని ఎవరూ అడగలేదు

ఆ రోజు పొద్దున అగ్లాయా పెత్రోవ్నా మనసులో వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు గ్రాండ్ డచెస్ సెరాఫిమా గారి దగ్గర డ్యూటీకి వెళ్లాలి, ఉత్తరాలు చదివి వినిపించాలి, మధ్యాహ్నం కాస్త కునుకు తీయాలి, రాత్రి నాట్యంలో మజుర్కా అనే జంట నృత్యం మొదలయ్యేసరికి కళకళలాడుతూ కనిపించాలి. ఆ మజుర్కా లెఫ్టినెంట్ ప్లాతోన్ సెర్గేయెవిచ్‌తోనే ఆడతానని అతనికి మాట ఇచ్చింది. మర్నాడు తెల్లవారగానే అతను కాకసస్ కొండల్లోని పటాలానికి వెళ్లిపోతున్నాడు. ఆరు నెలలుగా అతని గొంతు దాకా వచ్చి ఆగిపోతున్న మాట ఆ రాత్రయినా బయటపడుతుందని ఆమె ఆశ.

అగ్లాయా ఫ్రేలినా. అంటే రష్యా చక్రవర్తి మేనత్త అయిన ఈ గ్రాండ్ డచెస్‌ గారికి తోడుండే పెళ్లికాని చెలికత్తె. ఎడమ భుజం మీద నీలి రిబ్బను, దానికి రవ్వలు పొదిగిన గ్రాండ్ డచెస్ పేరక్షరం. చూసేవాళ్లకు అంతా వైభోగమే. ఉండేది మాత్రం ఎనభై మెట్లెక్కి చేరుకునే పై అంతస్తు గదిలో. చలికాలం వస్తే కూజాలో నీళ్లు గడ్డకట్టేవి. అయినా ముసలితనంలో ఆమె తలుచుకుని తలుచుకుని మురిసిపోయిన గది అదొక్కటే. వరసగా చెలికత్తెల తలుపులు, ఒకరి దువ్వెన ఒకరు అడిగి తీసుకోవడం, గోడకవతల ఎవరో నవ్వాపుకోలేక దిండులో మొహం దూర్చడం గుర్తొస్తే చాలు, ఆమె కళ్లు చెమర్చేవి.

తొమ్మిదిన్నరకు ఆమెను చిన్నప్పటి నుంచి పెంచిన దాది ఫెవ్రోనియా కాఫీ తెచ్చింది. తెచ్చి, మంచం మీద పరిచి ఉంచిన నీలం గౌను మీద నిండు కప్పు ఒలకబోసింది. బూడిదరంగు గౌను ఉతుకుకు వెళ్లింది. నాట్యానికి కుట్టించిన గౌను పొద్దుటి పూట వేసుకోవడానికి లేదు. పెట్టెలో మిగిలింది నిరుడు అమ్మమ్మ పోయినప్పుడు కుట్టించిన నల్లగౌను.

"ఇదే తొడుక్కో తల్లీ. ఎవరు చూడొచ్చారు?" అంది ఫెవ్రోనియా.

ఆ కొలువులో నలుపు అల్లాటప్పా రంగు కాదు. యూరప్‌లో ఏ మూల ఏ రాచవాడు కన్నుమూసినా, చుట్టరికాన్ని బట్టి ఇన్ని రోజులు నలుపు కట్టాలని ఉత్తర్వు వచ్చేది. డ్యూటీలో ఉన్న ఫ్రేలినా నలుపులో కనిపించిందంటే ఉత్తర్వు వచ్చినట్టే లెక్క. చావు కబురు అందరికంటే ఆలస్యంగా తెలియడానికి మించిన నామోషీ అక్కడ మరొకటి లేదు.

మెట్ల కింద మొదట ఎదురైంది కౌంటెస్ జిబినా. నలభై ఏళ్లుగా ప్రతి వార్తా తన చెవినే ముందు పడాలన్న పట్టుదల గల మనిషి. నల్లగౌనును కింద నుంచి పైదాకా చూసి, రుమాలుతో కళ్లొత్తుకుంది.

"నాకు తెల్లారే తెలిసిందిలే అమ్మాయ్. పాపం, ఎంత మంచి మనిషి" అని, వయసుకు మించిన వేగంతో బట్టలు మార్చుకోవడానికి పరుగెత్తింది.

కౌంటెస్‌ను నలుపులో చూసి పక్క గది ప్రిన్సెస్ నలుపు కట్టింది. ఆమెను చూసి ఇద్దరు జనరల్స్ చేతులకు నల్ల గుడ్డలు చుట్టుకున్నారు. మధ్యాహ్నానికి భవనమంతా కాకుల గుంపయింది. వంటవాళ్లు రాత్రి విందుకు చేసిన కేకు మీద గులాబీ క్రీమును చాకుతో గీకేశారు. అందరూ నిట్టూర్చారు, అందరూ తల పంకించారు, ఎవరు పోయారని మాత్రం ఎవరూ అడగలేదు. సంతాపపు ఉత్తర్వులు రాసే అధికారి ఆర్సెనీ ల్వోవిచ్ పరిస్థితి మరీ ఘోరం. తన సంతకంతో రావలసిన కబురు తనకే తెలియలేదు. ఆయన గబగబా ఉత్తర్వు రాసి, పేరు రావలసిన చోట ఖాళీ వదిలి, రాత్రి నాట్యం రద్దు చేసి, వాద్యగాళ్లను ఇంటికి పంపేశాడు.

ఉత్తరాలు చదవడం ముగించి బయటికొచ్చిన అగ్లాయాకు నాట్యం లేదన్న మాట వినగానే గుండె జారిపోయింది. జరిగింది బోధపడి ఆర్సెనీ ల్వోవిచ్ గదికి పరుగెత్తింది.

"ఎవరూ పోలేదండి. నా గౌను మీద కాఫీ ఒలికింది, అంతే" అంది.

ఆయన ఆమెను జాలిగా చూశాడు. "దుఃఖంలో అలాగే అనిపిస్తుందమ్మా. నేనూ మొదట నమ్మలేకపోయాను."

ఇక గ్రాండ్ డచెస్ కాళ్లే గతి అనుకుని ఆమె గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి తలుపు తెరుచుకుంది. గ్రాండ్ డచెస్ ఆపాదమస్తకం నలుపులో ఉన్నారు. పొద్దున్న అగ్లాయా గౌను చూసింది మొదలు ఆవిడా అడగలేక మథనపడుతున్నారని అప్పుడు తెలిసింది.

"చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిప్పిన చేతులవి" అన్నారావిడ, కన్నీళ్లతో.

ఆ మాట తర్వాత కాఫీ సంగతి ఎత్తే ధైర్యం ఎవరికుంటుంది? ఇప్పుడు ఎలాగైనా చచ్చినవాడొకడు దొరికి తీరాలి. ఆర్సెనీ ల్వోవిచ్ రాచకుటుంబాల వివరాలున్న లావుపాటి పుస్తకాలు, పాత ఉత్తరాలు తిరగేసి, తొంభై ఒకటో ఏట మూడు వారాల కిందట పోయిన ఒక జర్మన్ ప్రిన్సును తవ్వి తీశాడు. ఆయన కబురు ఏదో ఫైలు కింద పడిపోయి ఉందట. మూడు రోజుల సంతాపం. భవనమంతా తెరిపిన పడింది.

అగ్లాయా ఎనభై మెట్లలో సగం ఎక్కి అక్కడే కూలబడి ఏడ్చింది. ఆ రోజు భవనంలో నిజమైన ఏడుపు అదొక్కటే. తన చేతులతో తనే తన పెళ్లి చెడగొట్టుకున్నానని ఆమె బాధ. దారిన పోయేవాళ్లు ఆ జర్మన్ ప్రిన్సంటే ఈ పిల్లకు ఎంత అభిమానమో అని మెచ్చుకుని వెళ్లారు.

సాయంత్రం మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ప్లాతోన్ సెర్గేయెవిచ్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చి, రెండు మెట్లు కిందే నిలబడ్డాడు.

"నవ్వనంటే ఒకటి అడుగుతాను. ఇంతకీ ఎవరు పోయారు?"

పొద్దుటి నుంచి ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి అతనే. "నా నీలం గౌను" అంది అగ్లాయా, ముక్కు తుడుచుకుంటూ. కథంతా చెప్పింది. అతను పడీ పడీ నవ్వాడు. చేతిలోని టోపీ జారి కింది మెట్లన్నీ దొర్లిపోయింది. దిగి తెచ్చుకుని, ఆయాసపడుతూ ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"మజుర్కా ఆడుతూ మిమ్మల్ని పెళ్లి చేసుకోమని అడగాలనుకున్నాను. నాకు అడుగులు లెక్కపెట్టుకోవడమే సరిపోతుంది అగ్లాయా పెత్రోవ్నా. నాట్యం జరిగుంటే అడక్కుండానే వెళ్లిపోయేవాణ్ణి. ఇలా కూర్చుంటే అడగగలను" అన్నాడు.

పెళ్లయితే ఫ్రేలినా కొలువు పోతుంది. అయినా ఆమె సరేనంది. పెళ్లయ్యాక ఎనభై మెట్లూ దిగి, రవ్వల పేరక్షరాన్ని పెట్టెలో దాచుకుని, భర్త వెంట వెళ్లిపోయింది. చివరికి తంబోవ్ ప్రాంతంలోని ఒక పల్లెలో స్థిరపడ్డాక కూడా ఏటా ఆ రోజున చర్చిలో ఆ జర్మన్ ప్రిన్సు పేర ఒక కొవ్వొత్తి వెలిగించేది. ఆయన మీకేమవుతారమ్మా అని ఒకసారి ఫాదర్ అడిగాడు.

"మా పెళ్లి కుదిర్చిన పెద్దమనిషండి" అంది అగ్లాయా పెత్రోవ్నా.