వరహాలరావుగారి తలకిందుల కట్ట

ఒక పెద్ద అడవిలో ఒక వాగు, ఆ వాగుకి ఒక శాఖ, ఆ శాఖకి ఒక ఓవర్సీరు. వాగు ప్రతి వేసవికీ ఎండిపోయేది. శాఖ మాత్రం ఒక్క ఏడూ ఎండలేదు లెండి.

ఓవర్సీరు పేరు మందరమ్మ. తాబేలు. ముప్పై ఏళ్ల సర్వీసు. నడక నిదానమే గానీ, నీళ్ల సంగతి ఆవిడకి తెలిసినంత ఆ అడవిలో ఇంకెవరికీ తెలీదు. తెలియదా మరి, సగం జీవితం నీళ్ల అడుగునే గడిచిందాయె!

ఆ వేసవిలో మందరమ్మ ప్రసూతి సెలవు పెట్టింది. వాగు ఒడ్డున ఇసుక మెట్టలో గొయ్యి తీసి, పదకొండు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, రెండు వారాలు విశ్రాంతి తీసుకుని డ్యూటీకి వచ్చింది. వచ్చి చూసేసరికి ఇసుక మెట్టకి సరిగ్గా ఎగువన, వాగుకి అడ్డంగా కొత్త మట్టికట్ట లేచి ఉంది. రెండు వంపుల అవతల కట్టాల్సినదాన్ని, తను దొర్లే బురదగుంటకి దగ్గరగా ఉంటుందని అధ్యక్షుడు ఇక్కడికి జరిపించాడట.

అధ్యక్షుడంటే అడవి సభకి పెద్ద, అడవిపంది వరహాలరావుగారు.

ఆ కట్ట రూపం చూస్తే మతిపోయింది. ఎక్కడైనా కట్ట అడుగున వెడల్పుగా ఉండి, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఇదేమో పైన పది బారలు, కింద రెండు బారలు!

"ఇదేం కట్టడమయ్యా బుగ్గన్నా?" అంది మందరమ్మ.

బుగ్గన్న అంటే కప్ప, సభ కార్యదర్శి. ఏం మాట్లాడాలన్నా ముందు గొంతు నిండా గాలి పీల్చుకుంటాడు. పీల్చుకుని అన్నాడు, "పైన అధ్యక్షులవారు ఊరేగుతారు కదమ్మా! అడుగు నీళ్లలో ఉంటుంది. దాన్నెవరు చూస్తారు? ఎవరూ చూడనిచోట మట్టి దండగ."

"నీళ్లు గట్టిగా తోసేది అడుగునే కదయ్యా! లోతుకి దిగానంటే నా డిప్ప మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టుంటుంది. ఈ కట్ట నిండిందా, కిందే తెగుతుంది. కింద నా గుడ్లున్నాయి."

"ఓసింతేనా! గుడ్లు తీసి ఇంకోచోట పెట్టుకోమ్మా."

"ఇప్పుడు కదిలించి దొర్లిస్తే లోపలి పిల్ల బతకదు నాయనా. నీకేం, మీ కప్పలు నీటిలో నురగలా గుడ్లు పెట్టేసి పోతాయి!"

మర్నాడు సభకి మందరమ్మ ఒక వెదురుబొంగు మోసుకొచ్చింది. వడ్రంగిపిట్ట చేత దానికి నిలువునా మూడు బెజ్జాలు పొడిపించింది. ఎత్తయిన మొద్దు మీద నిలబెట్టి, బొంగు నిండా నీళ్లు పోయించింది. పై బెజ్జంలోంచి నీళ్లు నీరసంగా పక్కనే కారాయి. మధ్యదాన్లోంచి కాస్త ముందుకి పడ్డాయి. అడుగుదాన్లోంచి మాత్రం జివ్వున చిమ్మి, తిన్నగా వెళ్లి వరహాలరావుగారి మూతి మీద పడ్డాయి.

బుగ్గన్న గెంతుకుంటూ వెళ్లి ఒక ఆకు అందించాడు.

"పై బెజ్జం ఎవరిది?" అన్నాడు వరహాలరావు, మూతి తుడుచుకుంటూ.

"ఎవరిదీ కాదండీ. బెజ్జం, అంతే."

"పైన ఉన్నదంటే అధ్యక్షుడి హోదా కదా? పైవాడు పక్కన కారుతుంటే అడుగువాడు అంత దూరం చిమ్మడమేమిటి? క్రమశిక్షణ లేదూ?"

"లేదండి! బొత్తిగా లేదండి!" అన్నాడు బుగ్గన్న.

అప్పటికప్పుడు తీర్మానమైపోయింది. ఇకమీదట పై బెజ్జం నీళ్లే ఎక్కువ దూరం పడాలి. అడుగు బెజ్జం వారంలోగా సంజాయిషీ ఇచ్చుకోవాలి. అందాకా దానికి బిరడా.

"పోనీ, కట్ట భద్రత మాకూ ముఖ్యమే," అన్నాడు వరహాలరావు, పెద్దమనసు చేసుకుని. "నూరు మణుగుల బరువు దాటినవాళ్లెవరూ కట్ట ఎక్కరాదు."

ఆ అడవిలో నూరు మణుగులు దాటినవాడు ఒక్కడే, గున్నేశ్వర్రావు. ఏనుగు. ఆ కట్టకి మట్టంతా మోసింది అతనే. పాపం, ఉత్తర్వు విని "అలాగేనండయ్యా" అన్నాడు.

మందరమ్మకి మాత్రం ఒళ్లు మండింది. "బరువొక్కటే చూస్తే ఎలాగండీ? ఆ బరువు ఎంత జాగా మీద పరుచుకుందో కూడా చూడాలి. గున్నేశ్వర్రావు పాదం చేటంత. తమరి గిట్ట చింతగింజంత. కావాలంటే ఆ బురదలో చూడండి!"

అందరూ చూశారు. ఏనుగు అడుగు వేలెడు లోతు కూడా దిగలేదు. అధ్యక్షులవారిది నాలుగు వేళ్లు దిగింది.

"చూశారా! మా అడుగు లోతుగా పడుతుంది," అన్నాడు వరహాలరావు మురిసిపోతూ. "ఊరికే అధ్యక్షులమయ్యామా?" అని ఆ గిట్టే సిరాలో ముంచి ఉత్తర్వు మీద ముద్ర వేశాడు. ఆ అడవిలో ఏ కాగితం చెల్లాలన్నా కుడికాలి గిట్ట ముద్ర పడాల్సిందే.

నాలుగు వానలు కురిశాయి. "సగం నింపి చూద్దామండీ" అని మందరమ్మ మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ప్రారంభోత్సవానికి నీళ్లు అంచుదాకా ఉండాల్సిందేనన్నారు. వనభోజనాలకొచ్చిన మనుషులు వదిలేసిపోయిన పెద్ద బెలూను ఒకటి దొరికితే, కట్ట మీద అలంకారానికని బుగ్గన్న దాన్ని నోట పెట్టుకుని ఊదడం మొదలుపెట్టాడు.

"చాలు నాయనా," అంది మందరమ్మ. "లోపల గాలి అన్ని పక్కలకీ తోస్తుంది. ఇంత బిగించి ఎండలో కడితే ఇంకా తోస్తుంది."

"అధ్యక్షులవారి బొజ్జ కంటే చిన్నదైతే బాగుండదమ్మా," అని ఇంకో నాలుగు ఊదులు ఊదాడు బుగ్గన్న.

సభ మొదలైంది. మిట్టమధ్యాహ్నం, మాడ్చే ఎండ. కట్ట మీద వరహాలరావు, వెనకాల ముప్పై జింకలు, నలభై కొండగొర్రెలు. మందరమ్మ వేదిక ఎక్కలేదు. కట్ట కింద, గుడ్ల పక్కనే కూర్చుంది. ఎక్కే అర్హత లేని గున్నేశ్వర్రావు ఆ పక్కనే వెదురాకు నములుతున్నాడు.

"సోదర సోదరీమణులారా..." అన్నాడు వరహాలరావు.

ఢాం!

బెలూను పేలింది. జింకలు ఎగిరాయి, గొర్రెలు గెంతాయి. దాదాపు మూడువందల గిట్టలు తడిమట్టిలో మేకుల్లా దిగబడ్డాయి. తేలికపాటివి ఎలాగో పీక్కుని పరిగెత్తాయి. వరహాలరావు మాత్రం నాలుగు కాళ్లూ మోకాళ్లదాకా దిగి, బొజ్జ ఆనుకుని ఆగిపోయాడు.

అదే క్షణంలో కట్ట అడుగునుంచి చీపురుపుల్లంత ధార ఒకటి చిమ్మి, మందరమ్మ డిప్పకి తగిలింది. చూస్తుండగానే పుల్ల కాస్తా వేలంతయింది. గుడ్ల మీది ఇసుక అంచు కరగడం మొదలైంది.

"గున్నేశ్వర్రావ్! తమ్ముడూ! వీపు ఆనించు!"

ఏనుగు ఒక్క అంగలో వచ్చి కట్టకి వీపానించాడు.

"అంత పైన కాదు తమ్ముడూ, కిందికి! దాని జోరంతా అడుగునే!"

గున్నేశ్వర్రావు ఆ నూరు మణుగులతోనూ చతికిలబడ్డాడు. ధార ఆగింది. "గట్టిగానే తోస్తోందక్కా," అన్నాడు పళ్లు బిగించి.

"నాకు తెలుసయ్యా. ఓర్చుకో." మందరమ్మ కుందేళ్లని కేకేసి, కట్ట పక్కన గట్టినేలలో కాలువ తవ్వమంది. సాయంత్రందాకా పట్టే పని.

పైనుంచి వరహాలరావు అరిచాడు. "ఏమయ్యా గున్నేశ్వర్రావూ! ముందు పైకొచ్చి నన్ను లాగు!"

"నేనెక్కకూడదు కదండయ్యా. తమరే రాశారు."

"ఆ ఉత్తర్వు రద్దు!"

"నోటిమాట చెల్లదండీ," అంది మందరమ్మ, తల ఎత్తకుండానే. "కాగితం మీద గిట్ట ముద్ర పడాలి."

బుగ్గన్న కాగితం పట్టుకుని గెంతుకుంటూ వెళ్లాడు. వెళ్లి, చూసి, గొంతు నిండా గాలి పీల్చుకుని మెల్లగా వదిలేశాడు. "గిట్ట కట్టలో ఉందండి."

పొద్దువాలేసరికి నీళ్లు సగానికి దిగాయి. అప్పుడు గున్నేశ్వర్రావు లేచి, ఉత్తర్వుని ఉల్లంఘించి కట్ట ఎక్కాడు. వేలెడు లోతు కూడా దిగబడకుండా నడిచివెళ్లి, అధ్యక్షులవారిని తోక పట్టి పీకి పక్కన పెట్టాడు.

నెల తిరిగేసరికి ఇసుక కదిలింది. పదకొండు బుల్లి డిప్పలు బిలబిలమంటూ వాగులోకి జారాయి. మందరమ్మ రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

విచారణ సంఘం నివేదిక కూడా వచ్చింది. కట్ట పైభాగం అద్భుతంగా నిలిచినందుకు వరహాలరావుగారికి సన్మానం. అనుమతి లేకుండా కట్ట ఎక్కినందుకు గున్నేశ్వర్రావుకి మందలింపు. ఆ కాగితం మీదే కింద ఇంకో ఉత్తర్వు: వానాకాలంలో అతను కట్టకి వీపానించి కూర్చోవాలి. హోదా, 'తాత్కాలిక అడుగుభాగం'. ఇప్పటికి ఆరేళ్లయింది, ఇంకా పర్మనెంటు కాలేదు.

నీతి: బరువైనవాణ్ణి కట్ట ఎక్కనివ్వకండి, కింద ఆనించి కూర్చోబెట్టడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా!