ఫ్రీజర్‌లో హిమానీనదం

మాధవరంలోని ఆ అపార్ట్‌మెంట్‌కు సెక్రటరీ అయిన గోపాలస్వామికి ఆ ఉదయం ఒకటే పని: భార్య స్నానానికి వెళ్లగానే ఫ్రీజర్ తెరవడం. "మూడు దినాలు దాని జోలికి పోవద్దు" అని కనకవల్లి మొన్ననే గట్టిగా చెప్పింది. షుగరున్న మనిషికి అలా చెప్పారంటే లోపల ఐస్‌క్రీమ్ కాక ఇంకేముంటుంది?

తెరిచి చూస్తే బండంత మంచుగడ్డ. దాన్నిండా ఇసుక, కంకర రాళ్లు, ఒక కొసన పచ్చని నాచు. ట్యాంకర్ లారీ నీళ్లే గడ్డకట్టాయని ఆయన తేల్చేశాడు. భార్యను అడిగితే ఫ్రీజర్ ఎందుకు తెరిచావంటుంది. అందుకని గడ్డను తువాలులో చుట్టి, కిందికి మోసుకెళ్లి, కార్లు దిగే సిమెంటు వాలు మీద సాక్ష్యంగా పెట్టాడు.

కింది ఇంటి తమిళాయన మోహన్‌రాజ్ పరుగున వచ్చాడు. "అయ్యయ్యో, ఎన్న సార్ ఇది! మనం తాగే నీళ్లలో రాళ్లుండాయా?"

"రాళ్లేంది, పాచి గూడా ఉండాది చూడు!"

ఫోటో వాట్సాప్ గ్రూపుకెక్కింది. పది నిమిషాల్లో మోటారు ఆగింది, వస్తున్న లారీ గేటు దగ్గరే వెనక్కి మళ్లింది, ముప్పై రెండిళ్లలో కుళాయిలు ఎండిపోయాయి. తల నిండా షాంపూ నురగతో కనకవల్లి కిందికి దిగి వచ్చింది. గడ్డను చూడగానే ఆమె ముఖం పాలిపోయింది.

"అది నా హిమానీనదమండీ! పది గంటలకు వీడియోలో స్కూలు పెద్దలకు దీన్ని చూపించి పాఠం చెప్పాల. వాళ్లకు నచ్చితేనే నా ఉద్యోగం పర్మనెంటు!"

అప్పటికే ఎండకు గడ్డ సగమైంది. కనకవల్లికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, వాలు మీద గడ్డ జారుతూ గీసిన గీతలు చూసి, చప్పున కళ్లు తుడుచుకుని, తలకు తువాలు చుట్టి ఫోను తెప్పించింది.

పది గంటలకు పాఠం అక్కడే మొదలైంది. "చూడండి, మంచు జారిన దారిలో రాళ్లు గీసిన గీతలు. కరిగిన చోట, అది మోసుకొచ్చిన రాళ్ల కుప్ప. దీన్నే మొరైన్ అంటారు. మంచు తప్పుకున్న నేల మీద ముందుగా తలెత్తే మొక్కల్లో ఈ నాచు ఒకటి."

పెద్దలు ముచ్చటపడ్డారు. "ఇంత ఏర్పాటు ఎవరు చేశారమ్మా?"

"మా ఆయనే సార్. ఐస్‌క్రీమ్ కోసం."

ఉద్యోగం ఖాయమైంది. సాయంత్రం కనకవల్లి పెద్ద ఐస్‌క్రీమ్ డబ్బా తెచ్చి, మీద 'హిమానీనదం' అని చీటీ అంటించి ఫ్రీజర్‌లో పెట్టింది. మూడు వారాలైనా గోపాలస్వామి ఆ తలుపు ముట్టుకోలేదు.