హోమ్ సిగ్నల్ తరఫున నిమ్మరసం

రాళ్ళవలస జంక్షన్‌లో కొత్తగా నిలబెట్టిన ఏడు సిగ్నల్ స్తంభాలు సోమవారం పొద్దున పునాదుల్లోంచి కాళ్ళు పీక్కుని, పట్టాలు దాటి వచ్చి, స్టేషన్ ముందు కార్మికులు వేసుకున్న షామియానా కింద రిలే నిరాహార దీక్షకు కూర్చున్నాయి. పట్టాలు దాటేటప్పుడు అటూ ఇటూ చూసుకుని మరీ దాటాయని స్టేషన్ మాస్టరు తన రిపోర్టులో రాశాడు. ఆ మాట ఆయన మెచ్చుకోలుగానే రాశాడు, ఎందుకంటే ఆ ఊళ్ళో మనుషులెవరూ అలా దాటరు.

స్తంభాలు కూర్చోవడమేమిటని ఎవరూ అడగలేదు. వీపున ఉన్న ఇనుప నిచ్చెనలు మడుచుకుని, దీపాల తల కాస్త వంచుకుని బుద్ధిగా కూర్చున్నాయి. షామియానా కింద అప్పటికే ఏడుగురు మనుషులున్నారు. వాళ్ళలో పెద్దవాడు బోనెల పోలినాయుడు లేచి, చాప దులిపి, పక్కకు జరిగాడు.

"ఏటి బావూ, ఇలగొచ్చీసినారు?" అని ముందున్న స్తంభాన్ని అడిగాడు. అది హోమ్ సిగ్నల్. వచ్చే రైలు స్టేషన్‌లోకి రావచ్చో రాకూడదో చెప్పేది అదే. అది ఎర్రగా వెలిగింది.

"అదేలే, కోపమే మరి. కూకోండి, కూకోండి," అన్నాడు పోలినాయుడు.

పోలినాయుడు అంతకుముందు పాయింట్స్‌మన్. క్యాబిన్‌లో నిలబడి లీవర్లు లాగి రైళ్ళకు దారి మార్చేవాడు. ఉద్యోగం టెంపరరీ. పెళ్ళిచూపులనాడు "రేపో మాపో పర్మినెంటైపోద్ది" అని అత్తగారికి మాటిచ్చాడు. ఆ రేపూ రాలేదు, మాపూ రాలేదు, కొత్త సిగ్నళ్ళు వచ్చాయి. లీవర్లు పీకేసి, వాటి పని స్టేషన్ మాస్టరు గదిలోని కంప్యూటరుకు అప్పగించారు. పోలినాయుడినీ, అతనితోపాటు ఆరుగురినీ ఇంటికి పంపించారు. మళ్ళీ పనిలోకి తీసుకోవాలి, ఈసారి పర్మినెంట్ చెయ్యాలి అన్నది వాళ్ళ కోరిక. అత్తగారు అప్పటికి అల్లుణ్ణి పేరుపెట్టి పిలవడం కూడా మానేసింది.

ఈ సమ్మెలో ఒక చిక్కుంది. సమ్మె చేస్తే రైళ్ళు ఆగాలి. ఇక్కడ సమ్మె ఆగకుండా నడుస్తోంది, రైళ్ళూ ఆగకుండా నడుస్తున్నాయి. జనానికి ఏ ఇబ్బందీ లేదు కాబట్టి సానుభూతీ లేదు. టిక్కెట్టు కోసం పరిగెత్తేవాళ్ళు షామియానా తాడు కాళ్ళకు తగిలినప్పుడు మాత్రం "పనీపాటూ లేనోళ్ళు" అని తిట్టి వెళ్ళేవారు. ఆ తిట్టు పూర్తిగా అబద్ధమూ కాదు కనుక పోలినాయుడు బదులు చెప్పేవాడు కాదు.

అయినా రోజూ మైకు పట్టుకుని మాట్లాడేవాడు. ఎనిమిది గంటల పని కావాలనీ, వారానికో సెలవు కావాలనీ, ఎండలో నిలబడేవాడికి ఇంత నీడ కావాలనీ గొంతు చించుకునేవాడు. మైకు ఊరివైపు పెట్టకూడదని పోలీసులు షరతు విధించారు. అందుకని దాన్ని పట్టాలవైపు తిప్పారు. పట్టాలవైపు ఉన్నవి సిగ్నళ్ళే. పగలూ రాత్రీ ఎండకూ వానకూ ఒంటికాలి మీద నిలబడి, ఆ ఉపన్యాసాలన్నీ మొదటినుంచి చివరిదాకా విన్నవి అవే. విన్నాయి, ఆలోచించుకున్నాయి, వచ్చి కూర్చున్నాయి. ఇన్నాళ్ళ ఉపన్యాసాల్లో తన మాట విని లేచి వచ్చినవాళ్ళు వీళ్ళేనని పోలినాయుడికి కళ్ళు చెమ్మగిల్లాయి.

సిగ్నల్ దాని చోట లేకపోతే రైలు ఆగాలన్నది రూలు. అందుచేత పొద్దున రావలసిన ఎక్స్‌ప్రెస్ హోమ్ సిగ్నల్ ఉండవలసిన గొయ్యి దగ్గర ఆగిపోయింది. దాని వెనక ఇంకోటి, దాని వెనక గూడ్సు. ప్రయాణికులు సమ్మెవాళ్ళను దులిపేద్దామని దిగి వచ్చారు. వచ్చి, షామియానా కింద తలలు వంచుకున్న స్తంభాలను చూసి తిట్లు దిగమింగారు.

"పాపం, నోరులేనివి," అంది ఒకావిడ.

ఇక అక్కణ్ణుంచి ఊరు ఊరంతా కదిలింది. గొడుగులు తెచ్చినవాళ్ళు తెచ్చారు. డ్వాక్రా సంఘం ఆడవాళ్ళు స్తంభాలకు నీళ్ళుపోసి తుడిచి బొట్లు పెట్టారు. కాలేజీ పిల్లలు "సిగ్నళ్ళకు సెలవులివ్వాలి" అంటూ ఊరేగింపు తీశారు. ఆగిపోయిన రైల్లోని పెళ్ళివారు బ్యాండు మేళాన్ని అక్కడే వాయించమన్నారు. కొబ్బరిబొండాల వాళ్ళకు ఆ రోజు బొండాలు చాలలేదు. టీవీ అమ్మాయి వచ్చి పోలినాయుడి ముందు మైకు పెట్టబోయి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"అంకుల్, కొంచెం పక్కకి జరుగుతారా? స్తంభం కనపడట్లేదు."

పోలినాయుడు జరిగాడు. అతనికి బాధేమీ కలగలేదు. పల్లకీ మోసేవాడికి కూడా ఊరేగింపు ఊరేగింపే. మధ్యాహ్నం పెళ్ళాం సన్యాసమ్మ వచ్చి చూసి మాత్రం మండిపడింది.

"ఆళ్ళు నిన్నగాక మొన్నొచ్చినోళ్ళు. నువ్వు ఇన్నాళ్ళుగా ఇక్కడే అరుత్తన్నావు. ఆళ్ళకి కొబ్బరినీళ్ళు పోత్తన్నారు. నీకు మంచినీళ్ళిచ్చినోడు ఒక్కడున్నాడేటి?"

"ఊరుకోయే. ఆళ్ళకొత్తే మనకొచ్చినట్టే," అన్నాడు పోలినాయుడు. ఆ మాట అతను మనస్ఫూర్తిగా నమ్మాడు.

చర్చలకు డివిజన్ ఆఫీసు నుంచి చక్రపాణిగారనే అధికారి వచ్చాడు. మర్యాదస్థుడు. ముందు చర్చల పద్ధతి ఖరారు చేసుకున్నాడు. ఎరుపైతే ఒప్పుకోవడం లేదని, పసుపైతే ఆలోచించుకుంటామని, పచ్చైతే సమ్మతమని. ఇంత సులువైన చర్చలు తన సర్వీసులో చూడలేదని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. కొత్త రంగు వేయిస్తానన్నాడు. ఏడూ ఎర్రగా వెలిగాయి. పండక్కి సన్మానం చేస్తానన్నాడు. మళ్ళీ ఎరుపే. ఎనిమిది గంటల డ్యూటీ, వారానికో సెలవు, ఎండాకాలం నీడ, ఉద్యోగి నంబరు అన్నీ ఇస్తానన్నాక పసుపులోకి దిగాయి. పై ఆఫీసుకు ఫోన్ చేశాడు. స్తంభాలను తీసేసి మళ్ళీ మనుషుల్నే పెట్టుకుంటే పోదా అని ఎవరో అడిగారట గానీ, ఆధునికీకరణ అన్నాక ముందుకే వెళ్ళాలి కాబట్టి ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది. కోరికలన్నీ మంజూరయ్యాయి.

"మరి మా సంగతేటి సార్?" అన్నాడు పోలినాయుడు.

"ముందు ఇది తేలనీయండి నాయుడుగారూ. ఒకదాని తర్వాత ఒకటి."

హోమ్ సిగ్నల్ వెంటనే ఎర్రగా వెలిగింది. దాని మంచితనానికి మెచ్చుకోవాలి. మనుషుల సంగతి తేలందే లేవనని దాని భావం. చక్రపాణిగారు గొంతు సవరించుకుని, "కార్మికుల కోరికను సానుకూలంగా పరిశీలిస్తాం," అన్నాడు. ఆ మాట విని విని పోలినాయుడి చెవులు కాయలు కాశాయి. సిగ్నళ్ళు మాత్రం కొత్తగా వచ్చినవి, అంతకుముందు ఎన్నడూ ఆ మాట వినలేదు. ఏడూ పచ్చగా వెలిగాయి.

దీక్షకు కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయినా, లేవాలంటే నిమ్మరసం కావాలి. అది తాగందే దీక్ష విరమించినట్టు కాదు, తాగాక విరమించనట్టూ కాదు. ఎమ్మెల్యేగారు ఆ పనిమీదే వచ్చారు. ట్రేలో ఏడు గ్లాసులు వచ్చాయి. ఎమ్మెల్యేగారు మొదటి గ్లాసు తీసి హోమ్ సిగ్నల్ దీపానికి ఆనించారు. కెమెరాలు సిద్ధంగా ఉన్నాయి. రసం లోపలికి దిగలేదు. ఇంకాస్త వంచారు. దీపం మీదుగా కారి ఆయన తెల్ల చొక్కా మీద పడింది.

"ఎవరో ఒకరు దాని తరఫున తాగండయ్యా," అన్నారు ఎమ్మెల్యేగారు, నవ్వు చెదరనివ్వకుండా.

పక్కనే ఉన్నవాడు పోలినాయుడు. ఆ రోజు ఉపవాసం వంతు అతనిదే. గొంతు పిడచకట్టుకుపోయి ఉంది. పైగా పెద్దమనిషి చాపిన చెయ్యి గాలిలో ఉండగా కాదనడం ఆ ప్రాంతంలో ఎవరికీ చేతకాదు.

"తమరంతటోరు ఇత్తే కాదంటానా బావూ," అని రెండు చేతులా అందుకుని గటగటా తాగేశాడు. అతన్ని చూసి మిగతా ఆరుగురూ తలా ఒక స్తంభం తరఫున తాగారు. చప్పట్లు మోగాయి. సిగ్నళ్ళు లేచి, అటూ ఇటూ చూసుకుని పట్టాలు దాటి, ఎవరి గోతిలో అవి దిగాయి. ఇంజన్లు కూతలు పెట్టాయి. పెళ్ళివారు రైలెక్కారు.

పోలినాయుడు మూతి తుడుచుకుని మళ్ళీ చాప మీద కూర్చోబోయేసరికి షామియానా వాళ్ళు గుంజలు పీకుతున్నారు.

"మాది అవనేదు కదరా," అన్నాడు.

చక్రపాణిగారు దగ్గరికి వచ్చాడు. "మీరు దీక్ష విరమించారు కదండీ."

"నేదు సార్. నాను హోమ్ సిగ్నల్ తరపున తాగినాను."

"రసం ఎవరి గొంతులోకి దిగింది?"

"నా గొంతులోకే."

"మరి?"

పోలినాయుడు గొంతు తడిమి చూసుకున్నాడు. మిగతా ఆరుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్నాళ్ళ దీక్షను ఒక్క గ్లాసుతో మింగేశానే, ఏడు సంసారాల నోట్లో మట్టి కొట్టానే అని అతను ఇంటికి వెళ్ళి మంచానికి అడ్డంపడి ఏడ్చాడు. సన్యాసమ్మ పక్కన కూర్చుని అంతా విన్నది.

"పంచదారేసినారా, ఉప్పేసినారా?" అని అడిగింది.

"పంచదార."

"పోన్లే. అదైనా దక్కింది."

వారం తిరగకుండానే కొత్త చిక్కొచ్చింది. ఒప్పందం ప్రకారం సిగ్నళ్ళు ఎనిమిది గంటలు కాగానే డ్యూటీ దిగి రైల్వే క్వార్టర్లకు వెళ్ళిపోతున్నాయి. గొయ్యి ఖాళీ అవగానే రైలు ఆగిపోతోంది. కొత్త స్తంభాలు కొందామంటే అవీ ఎనిమిది గంటలే చేస్తాయి. చక్రపాణిగారు నిమ్మరసం తాగించిన నాటి వీడియో ఇంకోసారి చూశాడు. హోమ్ సిగ్నల్ తరఫున తాగినవాడు హోమ్ సిగ్నల్ తరఫున నిలబడలేడా అని ఆయనకు తట్టింది. తర్కంలో లోపం ఎవరికీ కనిపించలేదు. పోలినాయుడికి కబురొచ్చింది.

పని కష్టమైందేమీ కాదు. చారల చొక్కా తొడుక్కుని గోతిలో నిలబడాలి. ఈ చేతిలో ఎర్ర దీపం, ఆ చేతిలో పచ్చ దీపం. కంప్యూటరు చెప్పిన చెయ్యి ఎత్తాలి. ఒక్కటే మెలిక, మనుషుల పోస్టులు మంజూరులో లేవు. సిగ్నళ్ళ ఉద్యోగాలు సిగ్నళ్ళకే ఇచ్చేశారు. కాబట్టి పోలినాయుణ్ణి పరికరాల పద్దు కింద తీసుకోవాలి.

"అలాగే తీసుకోండి సార్. పర్మినెంటేనా?"

చక్రపాణిగారు అబద్ధమాడే మనిషి కాదు. "పునాది లేని పరికరాన్ని టెంపరరీగానే చూపాలండీ. పునాది వేస్తే ఆ రోజే పర్మినెంట్."

"ఏసీయండి సార్," అన్నాడు పోలినాయుడు. అప్పటికప్పుడే పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టాడు.

మంచి రోజు చూసి మోకాళ్ళ దాకా కాంక్రీటు పోశారు. అత్తగారు బస్సెక్కి వచ్చి, గోతి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఇన్నాళ్ళకి మా పోలినాయుడు కుదురుకున్నాడు," అని పదిమందిలో పేరుపెట్టి పిలిచింది. పోలినాయుడు కళ్ళు తుడుచుకుందామనుకున్నాడు గానీ రెండు చేతుల్లోనూ దీపాలున్నాయి. సన్యాసమ్మ తన కొంగుతో తుడిచింది. మిగతా ఆరుగురికీ ఆ వారంలోనే పునాదులు పడ్డాయి. ఇక తమ అవసరం పెద్దగా లేదని తెలిసి సిగ్నళ్ళు దీర్ఘకాలపు సెలవులు పెట్టుకున్నాయి. సాయంత్రాలు ప్లాట్‌ఫారం మీద షికారు చేస్తూ, పోలినాయుడు కనిపిస్తే హోమ్ సిగ్నల్ తప్పకుండా పచ్చగా వెలిగి పలకరిస్తుంది. సిగ్నళ్ళు యూనియన్ కూడా పెట్టుకున్నాయి. అందులో పరికరాలకు సభ్యత్వం లేదు.

రైళ్ళు వేళకు నడుస్తున్నాయి. సమ్మెల బెడద తీరిందని పేపర్లు ఆధునికీకరణను పొగిడాయి. మొన్న ఒక ఎక్స్‌ప్రెస్ నెమ్మదిగా స్టేషన్‌లోకి వస్తుంటే, కిటికీలోంచి ఒకాయన పోలినాయుణ్ణి చూసి పక్కవాడితో, "ఎంత బాగా చేశారండీ, అచ్చం మనిషిలాగే ఉంది," అన్నాడు. ఆ మాట విన్న పోలినాయుడికి గర్వంగానే అనిపించింది.

కాంక్రీటు బలపడాలంటే కొన్నాళ్ళు తడుపుతూ ఉండాలని మేస్త్రీ చెప్పాడు. సన్యాసమ్మ పొద్దునా సాయంత్రమూ బిందె తెచ్చి మొగుడి మోకాళ్ళ చుట్టూ నీళ్ళు పోస్తోంది. బీటలు పడతాయేమోనని వంగి వేలితో తడిమి చూసుకుంటుంది. నిన్న సాయంత్రం పక్కింటి చిన్నమ్మడు ఆమె వెంటే వచ్చి, పునాదిని కాసేపు ఆశగా చూసింది.

"సన్యాసమ్మప్పా, మా తమ్ముడు డిగ్రీ సదివి కాలీగున్నాడు. ఎక్కడైనా ఓ గొయ్యి ఉంటే సూడవా?"

సన్యాసమ్మ బిందె కింద దించి ఆలోచించింది.

"ఊరి బయట ఔటర్ సిగ్నల్ కాడ ఒకటి తవ్వుతన్నారట. అప్పుడే నలబై మంది అర్జీలు పెట్టీసినారు. బేగి ఎల్లమను."