లచ్చన్న రకం పసుపు

మార్చి ఆరు, శుక్రవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. ముప్పై అయిదు డిగ్రీల ఎండ, గాలి లేదు, పడమట గుప్పెడు మబ్బు. సరిగ్గా ఆ ఘడియలో ఆర్మూర్ స్వర్ణకాంతి పసుపు సంఘం అధ్యక్షులు లచ్చన్నగారు తమ యార్డు కంప్యూటర్ నవయుగంలో ప్రవేశించినట్టు ప్రకటించారు.

కంప్యూటర్ మాత్రం ఉన్నచోటనే ఉంది. అందులోని పైథాన్ అనే ప్రోగ్రాం భాష పాతది. తూకం వేసే కాంటా దానితో తప్ప పనిచేయదు కనుక మార్చలేరు. కొత్త పైథాన్‌లో, ఏ గడిలో ఏమి ఉండాలో ప్రోగ్రాంలోనే సూచన రాయవచ్చు: పసుపు రకం అంటే వేలు లాంటి కొమ్ము లేదా గుండ్రటి గోళ, మరొకటి కాదు. పాతదానికి ఆ రాత తెలియదు. ప్రోగ్రామర్ యుస్రా ఒక చిన్న ప్యాకేజీ జతచేసి, పాతదానిని కొత్త రాతకు ఒప్పించింది.

"తప్పు రాస్తే ఆపుతదా బిడ్డా?" అని అధ్యక్షులు ముందునాడే విచారించారు.

"ఆపదు సార్. సూచన మనం చదువుకునేటందుకే. ఆపాలంటే వేరే చెకింగ్ రాయాలె, జర రెండు దినాలు పడ్తది."

"వద్దొద్దు. ఎదురు చెప్పకుంట పనిచేసేటోళ్లు నాకు గిన్నేండ్లల్ల దొరకలే. గట్లనే ఉండనియ్యి."

షెడ్డు నిండా సభ కుర్చీలు వేసినందున ఆనాటి పసుపును ఆరుబయట రాశులు పోశారు. మొదటి రాశి వేల్పూర్ రైతు ముత్తవ్వది, మేలిమి కొమ్ము. దాని వివరాలను అధ్యక్షులు స్వహస్తాలతో ఎక్కించారు. ప్రారంభోత్సవాలలో ఆయన చేతికి అలవాటైన మాట ఒక్కటే. రకం అన్న గడిలో 'లచ్చన్న' అని కొట్టారు. కంప్యూటర్ కిమ్మనలేదు. చప్పట్లు మోగాయి.

వ్యాపారి మన్సూర్ తెర వైపు చూశాడు. "లచ్చన్న రకానికి రేటెక్కడిది సాబ్? వేలంల ఏమని పాడాలె?"

యుస్రా పరుగున వచ్చింది. "కొమ్ము అని దిద్దుతా సార్, ఒక్క నిమిషం."

"గింతమంది ముంగట నా చేత్తో రాసింది తప్పంటవా? నీ సూచననే దిద్దు."

"లచ్చన్నా, నీ పేరు నీ ఇంటి మీద రాసుకోరాదు?" అన్నది ముత్తవ్వ. "ఒంటి గంటకు పాట బందైతది, మల్ల సోమవారమే. మబ్బు చూడు. తడిస్తె నా పసుపు ఎవ్వడు ముట్టడు."

"ఫికర్ చెయ్యకు ముత్తవ్వా. ఇగ నీది స్పెషల్ రకం."

యుస్రా కాంట్రాక్టు పొడిగింపు కాగితం అధ్యక్షుల సంతకం కోసం బల్ల మీదనే ఉంది. సూచనను దిద్దింది: కొమ్ము, గోళ, లచ్చన్న. కంప్యూటర్ దానికీ అభ్యంతరం చెప్పలేదు.

మిగిలిన రాశులన్నీ అమ్ముడయ్యాయి; ప్రత్యేక రకానికి ఒక్క పాటా రాలేదు. రెండు గంటల పది నిమిషాలకు వాన మొదలైంది. షెడ్డులో ఉన్నందున కుర్చీలు తడవలేదు.

నాలుగేళ్లకు సంఘం కొత్త కంప్యూటర్ కొన్నది. మూడు రకాలూ అందులోకి వచ్చాయి. ముత్తవ్వ ఇప్పుడు పసుపు మాని మక్కజొన్న వేస్తున్నది. లచ్చన్న రకం పసుపు నేటి రాబడి సున్నా అని యార్డు బోర్డు ప్రతి ఉదయం ప్రకటిస్తున్నది.