చుక్కలు పెట్టిన పేరు

"కంపెనీల పేర్లు రాసే విషయంలో మన పత్రిక ఈరోజు కొత్త యుగంలో అడుగుపెడుతోంది!" అని ఎడిటర్‌గారు ప్రకటించగానే డెస్కంతా నిలబడే వింది. కుర్చీలు చాలకపోవడం కూడా అందుకు ఒక కారణం.

సబ్‌ఎడిటర్‌కి మాత్రం ముళ్ల మీద ఉన్నట్టుంది. చేతిలో అర్జంటు వార్త. ఊళ్లోకెల్లా పెద్ద కంపెనీలో ప్యాకింగ్ షెడ్డు కప్పు బీటలువారి, పెచ్చులు ఊడిపడుతున్నా పని ఆపడం లేదు. ఆ కప్పు కిందే అతని బావమరిది రోజూ పెట్టెలు కడతాడు. "పేపర్లో పడితేగానీ వీళ్లు కదలరు బావా" అని వాడు బతిమాలాడు. వాడి అక్క బతిమాలలేదు, ఆజ్ఞాపించింది.

"సర్, ఈ వార్త..."

"కంపెనీ పేరెలా రాశావు?"

"అందరూ అనే పొట్టి పేరే సర్."

ఎడిటర్‌గారు గుండె పట్టుకున్నారు. "మొదటిసారే పొట్టి పేరా! ముక్కూ మొహం తెలియనివాణ్ణి ఒరేయ్ అన్నట్టుండదూ?"

వెంటనే కమిటీ కూర్చుంది. ఆ మేధస్సు గురించి ఎంత చెప్పినా తక్కువే. ముందు పూర్తి పేరు, తర్వాతే పొట్టి పేరు అని టీ రాకముందే తేల్చేశారు. పొట్టి పేరులో అక్షరాల మధ్య చుక్కలుండాలా వద్దా అన్నచోట బండి ఆగింది. పెడితే నత్తిలా ఉంటుందని ఒకరు, తీస్తే బట్టలిప్పినట్టుంటుందని ఇంకొకరు.

"ఫుల్‌పేజీ యాడ్లిచ్చే మారాజులండీ! వాళ్లకి చుక్కల దగ్గర పిసినారితనమా?" అన్నాడు యాడ్స్ మేనేజరు గద్గదంగా.

"సర్, అక్కడ కప్పు కూలేలా ఉంది."

"కప్పుదేముందయ్యా! పేరు నిలబడాలి."

సాయంత్రానికి చుక్కలు గెలిచాయి. సబ్‌ఎడిటర్ పరుగున పూర్తి పేరు, పొట్టి పేరు, చుక్కలు అన్నీ సరిచేసి తెచ్చాడు. ఎడిటర్‌గారు చదివి కళ్లు తుడుచుకున్నారు.

"ఎంత నిండుగా ఉందయ్యా! ఇంత చక్కటి పేరు ఇలాంటి వార్తలోనా?" అంటూ పెన్ను తీసి, పేరున్న చోటల్లా కొట్టేసి 'ఒక ప్రైవేటు సంస్థ' అని రాశారు. "చూశావా, వార్త మాత్రం ఆపలేదు. పత్రికా స్వేచ్ఛంటే అదీ!"

మర్నాడు బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, వార్త పడింది! మా మేనేజరు అందర్నీ షెడ్డులో నిలబెట్టి పైకి చదివాడు."

"హమ్మయ్య! ఏమన్నాడ్రా?"

"'చూశారా, బయటి కంపెనీలు ఎలా తగలడ్డాయో! ఇక్కడ పని దొరికినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకోండి' అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు."

"నువ్వూ కొట్టావేంట్రా?"

"కొట్టా బావా, మెల్లగా. గట్టిగా కొడితే పైనుంచి పెచ్చులు రాలతాయి."