నలభై ఒక్కమంది జ్ఞానతల్లిదండ్రులు గల పిల్లవాడు

పంగిలాన్ పేటలో రోజవీ అనే పదిహేనేళ్ల పిల్ల మూడు కిలోల మగబిడ్డను కన్నదనీ, ఇందుకు పేట యావత్తూ తీవ్ర విచారం వ్యక్తం చేస్తున్నదనీ, సదరు విచారంలో పాల్గొనదలచినవారు ఆదివారం ఉదయం తొమ్మిదింటికల్లా మంచి బట్టలు కట్టుకుని చర్చి దగ్గర హాజరు కావాలనీ మూడు చక్రాల బండికి మైకు కట్టి చాటించారు. భోజనాలున్నాయని చాటించలేదు. అది వేరే చెప్పాల్సిన సంగతి కాదు.

ఈ చాటింపు వినేటప్పటికి ఇసియాంగ్ లోలా పొయ్యి మీంచి కుడుముల వాయి దించుతోంది. ఆవిడ రోజవీకి అమ్మమ్మ, పేటంతటికీ లోలా; లోలా అన్నా అక్కడ అమ్మమ్మే. ఆవిడ ఆవిరి కుడుములు తినకుండా పేటలో ఎవరికీ తెల్లవారదు. రోజవీ తల్లి హాంకాంగులో ఎవరింట్లోనో పనికి కుదిరి, వాళ్ల పిల్లలిద్దర్నీ కంటికి రెప్పలా చూసుకుంటోంది. సొంతపిల్లను పట్టించుకోని తల్లి అని పేట ఆవిణ్ణి ఏకగ్రీవంగా తీర్మానించింది. హాంకాంగు నుంచి డబ్బు వచ్చిన రోజున ఆ తీర్మానం ఎవరికీ గుర్తుండదు.

ఇక కుర్రాడు. పేరు ఆర్జే, వయసు పదహారు. సంగతి బయటపడ్డ వారంలోనే వాళ్లమ్మానాన్నా వాణ్ణి సెబూ పట్నంలో మేనమామ ఇంటికి పంపేసి అక్కడి బడిలో చేర్పించారు. కుర్రాడి భవిష్యత్తు పాడుకాకూడదు గదా అని పేట పెద్దలు మెచ్చుకున్నారు. రోజవీ భవిష్యత్తు మాట కూడా ఎవరో ఎత్తబోయారు గానీ ఈలోగా కాఫీ వచ్చింది.

ఆ మాట వదలకుండా పట్టుకున్న మనిషి ఒక్క లోలాయే. ఆవిడకు సంతకం రాదు, వేలిముద్రే. మనవరాలు పదో తరగతి గట్టెక్కాలని ఆవిడ పంతం. పిల్లాడు పుట్టిన ఆరు వారాలకే రోజవీని మళ్లీ బడికి తోలింది. పిల్లాణ్ణి వీపున కట్టుకుని కుడుములు అమ్మింది. వార్షిక పరీక్షలు ఒక్కొక్కటే అయిపోతూ, చివరిదొక్కటి రెండు వారాల తరవాతి సోమవారానికి మిగిలింది. అది తప్పితే ఏడాది పోయినట్టే. పోయిన ఏడాది ఎటూ పోయింది.

సరిగ్గా అప్పుడే టీవీ వాళ్లు దిగారు.

వ్యాఖ్యాత పేరు గ్లెండీ. ఎదుటివాళ్లు ఏడవకముందే తను ఏడవగల సమర్థురాలు. కళ్లు తుడుచుకుంటూనే మొదటి ప్రశ్న వేసింది.

"వయసెంత తల్లీ?"

"పదిహేను."

గ్లెండీ కళ్లలో తడి ఆరిపోయింది. కెమెరా కట్టించి పేట పెద్దను పక్కకి పిలిచింది.

"పదిహేనేంటి కపితాన్? పోయిన నెల పక్క దీవిలో పధ్నాలుగు చూపించాం. జనం ఇంక పదిహేనుకి ఏడుస్తారా?"

కపితాన్ తెయోఫిలో పేట పెద్దగా మూడుసార్లు నెగ్గిన మనిషి. పేట పరువు పోయే పరిస్థితి వస్తే చూస్తూ ఊరుకోడు. పక్క దీవితో ఆయనకి బాస్కెట్‌బాల్ దగ్గర్నుంచీ పాత పగలున్నాయి.

"దాందేముందమ్మా, పదమూడని ధ్రువపత్రం ఇప్పించేస్తాను. ముద్ర నా జేబులోనే ఉంది" అన్నాడు.

లోలా గరిటె పట్టుకుని మధ్యలోకి వచ్చింది. "ఏం కపితాన్, పదమూడేళ్లదాన్ని పదో తరగతి పరీక్షకి కూర్చోనిస్తారా? ఏడో తరగతిలోకి నెట్టరూ? కావాలంటే నీ వయసు తగ్గించుకుని రాయించుకో. ఎన్నికల పోస్టర్లో ఎటూ తగ్గించావుగా!"

అందువల్ల రోజవీ పదిహేనేళ్లదిగానే మిగిలిపోయింది. కార్యక్రమంలో మాత్రం 'ఇంకా పదహారైనా నిండని' అన్నారు. నిజమూ చెప్పినట్టుంది, ఏడుపూ తెప్పించింది.

ప్రసారమైన మర్నాటి నుంచి పేట దృష్టి మారింది. అంతవరకూ రోజవీ ఎదురైతే రోడ్డు దాటి అవతలికి వెళ్లిన ఆడవాళ్లు ఇప్పుడు రోడ్డు దాటి ఇవతలికి రావడం మొదలెట్టారు. మొదట్లో చెప్పిన ఆ మైకు చాటింపు, అదే జ్ఞానస్నానం ప్రకటన, వెలువడేసరికి పిల్లాడి బాగోగులకి పూచీపడే జ్ఞానతండ్రి అవుతామని కపితాను, మేయరు గారి భార్య, రేషను డీలరు, కోడిపందాల దొడ్డి యజమాని, ఇద్దరు పళ్ల డాక్టర్లు పేర్లు ఇచ్చారు. మేయరు గారి భార్య జ్ఞానతల్లి అవుతుందని తరవాత సరిదిద్దారు. మొత్తం నలభై ఒక్కమంది. ఇదే పేటలో డిసెంబరు వస్తే, జ్ఞానపిల్లలు క్రిస్మస్ కానుకలకి తలుపు తడతారని ఈ పెద్దలే లైట్లార్పేసి మంచం కింద దూరతారు. ఆ విషయం ఇక్కడ అప్రస్తుతం.

నలభై ఒక్కమందీ ఒకే మాట అన్నారు. ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.

"వీడు నా కన్నబిడ్డతో సమానం."

ఫాదర్ నీళ్లు పోసేవేళకి ఆ నలభై ఒక్కమందీ ఫోటోలో పట్టలేదు. వాళ్లను పట్టించడం కోసం రోజవీని కొంచెం పక్కకి జరగమన్నారు. మరికొంచెం జరగమన్నారు. ఫోటో అద్భుతంగా వచ్చింది. తల్లి తప్ప అందరూ ఉన్నారు.

అంతటితో ఆగితే అది పంగిలాన్ కాదు. బాధ్యత గల పేట గనక కపితాన్ ఒక మహాసదస్సు తలపెట్టాడు. కూడలిలో జీప్నీ బస్సంత బ్యానరు లేచింది. దాని మీద 'ఆడపిల్లలను బడిలోనే ఉంచుదాం' అని నిలువెత్తు అక్షరాలు. ఒక పక్క కపితాన్ మొహం, ఇంకో పక్క రోజవీ మొహం. మైనరు బాలిక గోప్యత కాపాడే నిమిత్తం మొహం మసకబార్చి, కింద పేరు, వీధి, ఇంటి నంబరు స్పష్టంగా అచ్చువేయించారు. ముఖ్య ఆకర్షణ: బాలిక స్వయంగా వేదికపైకి వచ్చి కన్నీటితో మాట్లాడును. తేదీ సోమవారం. సమయం ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు.

ఆ బ్యానరు ఆసాంతం రోజవీ లోలాకి చదివి వినిపించింది. చివరి లైను రెండోసారి చదివింది.

"లోలా, పరీక్ష కూడా ఎనిమిదింటికే."

లోలా అప్పటికప్పుడు గొడుగేసుకుని కపితాన్ ఆఫీసుకి పోయింది.

"సదస్సు మంగళవారం పెట్టుకో కపితాన్. సోమవారం పిల్లకి పరీక్ష."

"మంగళవారం మేయరు గారి భార్య జుట్టుకి రంగు వేయించుకునే రోజు లోలా. గ్లెండీ కూడా సోమవారమే అంది. పరీక్షదేముంది, ఏటా వస్తుంది. ఈ అవకాశం మళ్లీ వస్తుందా?"

"ఈ అవకాశం మళ్లీ రాకూడదనేగా నీ సదస్సు!"

కపితాన్ నవ్వాడు. ఆయన దయామయుడు. "పోనీ, బడిలో హాజరు ఎంత ముఖ్యమో చెప్పే సదస్సులో పాల్గొన్నందువల్ల బాలిక బడికి హాజరు కాలేకపోయిందని ధ్రువపత్రం ఇస్తాను. సరేనా?"

"ఆ కాగితం చూపిస్తే మార్కులేస్తారా?"

"మార్కులెయ్యరు లోలా. గౌరవిస్తారు."

అన్నట్టు సదస్సుకి రెండొందల కుడుములు లోలాయే పంపాలనీ, అది ఆవిడ సేవగా భావించి మైకులో చదివిస్తామనీ చెప్పి కపితాన్ ఆవిణ్ణి గుమ్మం దాకా సాగనంపాడు.

సరే, పిల్లను బడికే పంపుదాం, కుడుముల పని తను చూసుకుంటే ఆ నాలుగు గంటలూ పిల్లాణ్ణెవరు పట్టుకుంటారు? ఆ మాట అడగడానికి లోలా శనివారమంతా పేట చుట్టబెట్టింది. నలభై ఒక్కమంది ఉండగా దిగులేముంది? రేషను డీలరుకి నడుంనొప్పి. పందేల దొడ్డి యజమాని కోళ్లకి కొత్త మనిషి గిట్టడు. పళ్ల డాక్టర్లలో ఒకాయన, పిల్లాడికి పళ్లు వచ్చాక తీసుకురమ్మన్నాడు. రెండో ఆయన భార్య గుమ్మంలోనే లోలా చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మా ఇంట్లో ఈడొచ్చిన ఆడపిల్లలున్నారు లోలా. చంటిపిల్లాడు ఇంట్లో తిరిగితే చూసి నేర్చుకుంటారు."

"ఏం నేర్చుకుంటారే? ఉచ్చగుడ్డలు మార్చడమా? నేర్చుకోనీ. అది చూస్తే జన్మలో ఎవడి వంకా కన్నెత్తరు" అని లోలా గొడుగు విప్పుకుంది.

కన్నబిడ్డతో సమానం అని అందరూ అన్న మాట అబద్ధం కాదు. ఆ ఇళ్లలో కన్నబిడ్డల్ని చూసుకునేది కూడా పనిమనుషులే.

సోమవారం ఎనిమిదికి సదస్సు ఆవరణ నిండిపోయింది. వేదిక మీద రెండు వరసల కుర్చీలు, నలభై ఒక్క పూలదండలు. ఏడు ప్రసంగాలయ్యాయి. ఈ కాలం పిల్లలకి పెద్దలంటే భయం లేదని ఒకరు, పెద్దలు పిల్లలతో మనసువిప్పి మాట్లాడాలని ఇంకొకరు సెలవిచ్చారు. ఎలా మాట్లాడాలో మాత్రం పిల్లలున్నారని చెప్పలేదు. మేయరు గారి భార్య, తల్లి పక్కనుండటం బిడ్డకెంత అవసరమో ఇరవై నిమిషాలు చెప్పింది. ఆవిడ పిల్లలు మనీలాలో హాస్టల్లో ఉంటారు. వాళ్లు బాగా చదువుతారని వినికిడి.

"ఇప్పుడు, మనందరి హృదయాలనూ కదిలించిన ఆ చిన్నారి తల్లి..." అని కపితాన్ తెర వైపు చెయ్యి చాపాడు. గ్లెండీ రుమాలు తీసింది.

తెర వెనక నుంచి లోలా వచ్చింది. నెత్తి మీద కుడుముల బుట్ట, చంకలో పిల్లాడు.

"అమ్మాయేదీ?" అన్నాడు కపితాన్, మైకు చెయ్యి అడ్డంపెట్టి. చెయ్యి సరిగా అడ్డం పడలేదు. కూడలి దాకా వినపడింది.

"బడిలో ఉంది."

"బడిలోనా? ఎవరు పంపారు?"

"నువ్వే. నాకు చదువు రాదు కపితాన్, మా రోజవీయే చదివి చెప్పింది. ఆడపిల్లలను బడిలోనే ఉంచుదాం అని ఇంతలేసి అక్షరాలు రాయించావట. అందుకని ఉంచేశాను."

జనంలో వెనకెక్కడో చేపలమ్మే ఆడవాళ్లు విరగబడి నవ్వారు. కపితాన్ కూడా నవ్వాడు. కెమెరా ఉంది మరి.

"ఇదుగో, నీ కన్నబిడ్డతో సమానం. కాస్త పట్టుకో, కుడుములు పంచాలి" అని లోలా పిల్లాణ్ణి ఆయన చేతుల్లో పెట్టేసి వెళ్లిపోయింది.

చప్పట్లు మోగాయి. కపితాన్ పిల్లాణ్ణి ఎత్తి ముద్దుపెట్టుకున్నాడు, ఫోటో అయింది, పక్కకి అందించాడు. మేయరు గారి భార్య ముద్దుపెట్టుకుంది, ఫోటో అయింది, పక్కకి అందించింది. రేషను డీలరు నడుం కూడా ఆ క్షణానికి వంగింది. రెండో వరసలో నాలుగో కుర్చీ దగ్గర పిల్లాడు ఒక పళ్ల డాక్టరు పట్టుచొక్కా తడిపాడు. అక్కణ్ణుంచి అందించుకోవడం చురుగ్గా సాగింది. కెమెరా కట్టేశాక మరీ చురుగ్గా సాగింది. పిల్లాడు చివరి కుర్చీ దాటి, మెట్లు దిగి, కుడుముల బుట్ట దగ్గరున్న లోలా చేతుల్లోకి వచ్చేటప్పటికి ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. మనిషికి నిమిషం కూడా పడలేదు. మిగతా పొద్దంతా వాణ్ణి వీపున కట్టుకునే లోలా రెండొందల కుడుములూ పంచింది. వాళ్లందరూ తిన్నారు. ఒకరిద్దరు, తీపి తగ్గిందన్నారు.

పన్నెండూ ఇరవైకి రోజవీ పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతికి సిరా, జుట్టంతా చెమట.

"ఏడ్చాడా లోలా?"

"వాడు ఏడవలేదే. ఏడవాల్సినవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లకి నువ్వు దొరకలేదు. ఇంతకీ బాగా రాశావా?"

"ఒక్క ప్రశ్న వదిలేశాను. అప్పుడే వీడు గుర్తొచ్చాడు."

"పోన్లే. దా, అన్నం తిందాం."

సాయంత్రం వార్తల్లో 'పసిగుడ్డును సదస్సులో వదిలి మాయమైన బాలతల్లి' అని వచ్చింది. ఆ వీడియో అర్ధగంటలో లక్షమంది ఫోన్లలో చూశారు. ఇలాంటివాళ్లకి పిల్లలెందుకని దాని కింద అరవై వేలమంది రాశారు. పెద్దవాళ్ల పెంపకం అలా ఏడిసిందని మిగతావాళ్లు రాశారు. పంగిలాన్‌లో ఒక బాలిక తన బాధ్యత విడిచి పరీక్ష రాయడానికి దారితీసిన పరిస్థితులపై కపితాన్ త్రిసభ్య విచారణ సంఘం వేశాడు. సభ్యులు ముగ్గురూ పిల్లాడి జ్ఞానతండ్రులే.

నెల తరవాత ఫలితాలు బడి గోడకి అతికించారు. కెమెరాలు రాలేదు. హెడ్మిస్ట్రెస్ చూపించిన చోట లోలా వేలు పెట్టి, ఇదేనా మా పిల్ల పేరు అని రెండుసార్లు అడిగి, ఆ కాగితం మీద చెయ్యి వేసి కాసేపు అలాగే నిలబడింది. రోజవీ పాసైంది. పేటలో అది వార్త కాలేదు. సెబూలో ఆర్జే తప్పాడు. పాపం, కుర్రాడు ఎంత మానసిక ఒత్తిడి పడ్డాడో అని పేట బాధపడింది.

ఇదంతా అయ్యాక కూడా, ఆ సోమవారం ఆ పిల్ల రాసింది ఏ సబ్జెక్టు పరీక్ష అని కపితాన్ అడగలేదు, గ్లెండీ అడగలేదు, నలభై ఒక్కమందిలో ఒక్కరూ అడగలేదు. ఇంతదూరం చదివారు, మీరూ అడగలేదు. అందుకే నేనూ చెప్పలేదు. పిల్ల వయసు మాత్రం మొదటి వాక్యంలోనే చెప్పేశాను. లేకపోతే మీరు రెండో వాక్యానికి వచ్చేవాళ్లా ఏంటి!