పదకొండు గంటల శిఖరం

పరిశోధన అంటే సత్యం కోసం మనిషి చేసే నిష్కామ తపస్సు! ఈ మాట భౌతికశాస్త్ర విభాగం గోడ మీద జానెడు అక్షరాలతో రాసి ఉంది. దాని కిందే గైడు గారు సంతకాలు పెట్టే వేళలు రాసి ఉన్నాయి. ఎన్నాళ్లు తపస్సు చేసినా వరమిచ్చేది ఆ సంతకమే. అందుకని తెలిసినవాళ్లు పై వాక్యానికి దణ్ణం పెట్టి, కింది వాక్యం రాసుకుని పోతారు.

తక్కెడ కూడా కిందిదే రాసుకుంది. తక్కెడ ఆమె అసలు పేరు కాదు. తండ్రి బజారులో తక్కెళ్లు, కాటాలు అమ్మి, బాగుచేసే మనిషి కావడంతో తోటి విద్యార్థులు ఇచ్చిన బిరుదు. ఎమ్మెస్సీ పైన రెండేళ్ల పరిశోధన పట్టాకు చేరింది. పని చిన్నదే. ఒక లోహపు ముక్కను రోజూ తొమ్మిదింటి నుంచి ఒకే వేగంతో చల్లబరుస్తూ, అందులో కరెంటుకు ఎంత అడ్డు తగులుతోందో కొలవాలి. కాగితం మీద గీత నున్నగా దిగుతూ వచ్చి, ఒక్కచోట మాత్రం ఒంటె మూపురంలా లేచేది. ఏ రోజు చూసినా అదే చోట!

గైడు గారు ఆ మూపురానికి శిఖరమని పేరు పెట్టి, ముందు తన ఇంటిపేరు తగిలించారు. వ్యాసం అచ్చయింది. సన్మానం జరిగింది. తక్కెడ పేరు కూడా వ్యాసం చివర పడింది, భూతద్దం ఉన్నవాళ్లకి కనిపించేంత.

ఆయన మార్గదర్శకత్వం చాలా క్రమబద్ధమైనది. సరిగ్గా పదకొండింటికి వచ్చి, పక్క గదిలో కరెంటు కెటిల్ పెట్టి, టీ తాగి వెళ్లేవారు. వారానికోసారి విద్యార్థితో సమావేశమైనట్టు ఫారం నింపాలి. ఏడాది ఫారాలన్నీ ఆయన ఒకే పూట సంతకం చేసేశారు.

"ఏం చర్చించామని రాయమంటారు సార్?"

"సుదీర్ఘంగా చర్చించాం అని రాయమ్మా. ఏమిటనేది ఎవడికి కావాలి?"

అలాంటి గైడు గారు తన శిఖరం గురించి ఉపన్యాసాలివ్వడానికి పది రోజులు ఊరు దాటారు. ఆ పది రోజులూ గీత మీద శిఖరం లేదు! శిఖరం లేకపోతే పట్టా లేదు. తక్కెడ ఇంటికి ఫోన్ చేసింది.

"నాన్నా, కొలత తేడా వస్తోంది."

"సరుకుని అనుమానించే ముందు చుట్టూ చూడవే పిచ్చిమొహమా! ఫ్యాను గాలికి కూడా ముల్లు ఊగుతుంది. ఎవరున్నప్పుడు ఊగింది, ఎవరు లేనప్పుడు ఆగింది?"

మర్నాడు పదకొండింటికి తనే వెళ్లి కెటిల్ పెట్టింది. శిఖరం లేచింది. పన్నెండింటికి పెట్టింది. శిఖరం పన్నెండింటికి లేచింది. రెండు గదులకీ ఒకే కరెంటు లైను!

గైడు గారు తిరిగి రాగానే చెప్పింది. ఆయన నొచ్చుకున్నారు.

"విశ్వరహస్యాన్ని పట్టుకుని కెటిల్ అంటావేమిటి?"

"మీరు లేని పది రోజులూ విశ్వం రహస్యం దాచుకుందండి."

"ఆ లోహపు ముక్క అలిగి ఉంటుంది. నేను లేనుగా!"

తక్కెడ లెక్క వేసుకుంది. నిజం దాస్తే పట్టా సులువుగా వస్తుంది. కానీ దొంగ తూకం. నిజం రాస్తే పట్టా దక్కకపోవచ్చు. చేసిన పనికి మాత్రం విలువుంటుంది. తక్కెళ్లవాడి కూతురు రెండోదే తీసుకుంది. ఐదో అధ్యాయం మొత్తం కెటిల్ గురించే రాసి, సంతకానికి తెచ్చింది.

"ఐదో అధ్యాయం ఒక్కసారి చదవండి సార్. మీకు నచ్చని సంగతే రాశాను."

"నీ మీద నాకు నమ్మకం లేదా ఏమిటమ్మా?" అంటూ గైడు గారు పేజీ తిప్పకుండా సంతకం గీకేశారు.

మౌఖిక పరీక్షకు వేరే విశ్వవిద్యాలయం నుంచి పరీక్షకుడు వచ్చాడు. గైడు గారికి పాత మిత్రుడు. తన ప్రయోగశాలలోనూ ఆ శిఖరం కనిపించిందని వ్యాసం రాసి నిర్ధారించిన మహానుభావుడు.

"అద్భుతం! ఆసాంతం చదివాను. శిఖరం గురించి ఎంత బాగా రాశావమ్మా!"

"ఐదో అధ్యాయం కూడా చదివారా సార్?"

ఆయన అప్పుడు తెరిచాడు. రెండో పేజీకి కళ్లజోడు తీశాడు. నాలుగో పేజీకి నీళ్లు అడిగాడు.

"మాకు కెటిల్ వల్ల వచ్చిందండి," అంది తక్కెడ, వీలైనంత వినయంగా. "మరి మీకు ఎలా వచ్చింది?"

ఉన్నట్టుండి గైడు గారిలో సత్యాన్వేషకుడు మేల్కొన్నాడు.

"అవును, నేనూ అదే అడుగుతున్నా. మీ ల్యాబులో కెటిల్ కూడా లేదుగా! మీకెలా వచ్చింది?"

"లేని శిఖరానికి ఇంటిపేరు పెట్టిందెవరయ్యా?"

"లేనిదాన్ని చూశానన్నదెవరయ్యా?"

తక్కెడని బయట కూర్చోమన్నారు. తలుపు వెనక అరుపులు, తర్వాత గుసగుసలు, చివరికి నవ్వులు వినిపించాయి. లోపలికి పిలిచారు.

"అభినందనలమ్మా! పట్టా ఇచ్చేస్తున్నాం," అన్నాడు పరీక్షకుడు. "ఆ ఐదో అధ్యాయం మాత్రం తీసెయ్."

"తియ్యనండి. అది తీస్తే నేను చేసిందేమీ మిగలదు. కావాలంటే నన్ను ఫెయిల్ చెయ్యండి. ఎందుకు ఫెయిల్ చేశారో రాసి ఇవ్వండి, చాలు."

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఎందుకో రాయాలంటే కెటిల్ గురించే రాయాలి! ఆ అవస్థలోంచే గైడు గారికి జ్ఞానోదయమైంది.

"తియ్యక్కర్లేదు! ఉండనివ్వు! అసలు కెటిల్ కొలతల్ని ఎలా చెడగొడుతుందో బయటపెట్టిందే మన విభాగం. దాని మీద వెంటనే ఒక వ్యాసం పంపుదాం. నా పేరు ముందు..."

"నా పేరు తర్వాత," అన్నాడు పరీక్షకుడు, పట్టా కాగితం మీద సంతకం చేస్తూ. "మా ప్రయోగశాలలోనూ అచ్చం అలాగే జరిగిందని నిర్ధారిస్తాను."

తక్కెడ సంతకమైన కాగితాన్ని ముందు చేతిలోకి తీసుకుంది. తర్వాతే అడిగింది.

"మీకు కెటిల్ లేదన్నారుగా సార్?"

"దానికేముందమ్మా! ఫలితాలు ఈ వారం పంపేస్తాం, కెటిల్ వచ్చే వారం కొంటాం."